పాదుషాల మేడ మీద మిరపకాయలు

నేను సెలెక్టయ్యాను! హైదరాబాద్‌లో ఒక మ్యూజియంలో పాత కాగితాల మీది బొమ్మలు బాగుచేసే పని నేర్పుతారు, నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. కనిపించినవాళ్ళందరికీ చెప్పేశాను, బస్సులో పక్కసీటు ఆవిడతో సహా.

దీనికంతటికీ మూలం ఒక బొమ్మ. వినుకొండలో మా మిషన్ స్కూలు ఆఫీసు గది గోడకు ఉండేది. కూలిపోయిన మొగలుల మేడ, కింద ఏరు, అవతల చెట్లు. గీతలు అచ్చువేసి, పైన చేత్తో రంగులద్దిన పాతకాలపు బొమ్మ. నన్ను ఆరో తరగతిలో చేర్చడానికి వచ్చిన అమ్మ, వేలిముద్ర వేయడం మానేసి దాని ముందు నిలబడిపోయింది. విరిగిన స్తంభాల ముందు వసారా అంతా ఎర్రగా ఉంది.

"మేడమ్ గారండీ, వీళ్ళెవరండీ, ఎంచక్కా మేడ మీదే కాయలు ఆరబోసుకున్నారు?"

హెడ్‌మిస్ట్రెస్ గారు నవ్వారు. "కాయలేంటమ్మా! అది మొగలు పాదుషాల మేడ. పాడుబడిపోయింది."

"పాడుబడబట్టే పోసుకోనిచ్చారు. లేకపోతే మనల్ని గుమ్మం ఎక్కనిస్తారా?"

మాది కౌలు సేద్యం. సొంత కళ్ళం లేదు. కోతలయ్యాక మిరపకాయలు రోడ్డు వారన ఆరబోస్తాం. ఎవరు కసిరినా ఎత్తి ఇంకోచోట పోయాలి. అలా ఎత్తిన ప్రతిసారీ అమ్మ, "ఆ మేడ మీదైతే ఎవడూ అదిలించడే" అనేది. స్కూలుకొస్తే ముందు ఆ గదిలోకే తొంగిచూసేది. నేను హిస్టరీ తీసుకున్నది ఆ మేడ సంగతి తెలుసుకోవాలనే.

మ్యూజియంలో చేరిన మూడో రోజు మా సార్ ఒక పెట్టె తెరిచారు. అదే బొమ్మ! అదే ఏరు, అవే స్తంభాలు. వసారా మాత్రం మట్టిరంగులో ఉంది.

"మా స్కూల్లో ఇది ఎరుపు సార్."

"ఒక్కో కాపీకి విడిగా రంగు వేసేవాళ్ళమ్మా. ఎర్రరాయి అని ఒకరు ఎరుపు వేస్తారు, ఇంకొకరు ఇలా."

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. లారీ హారన్లు వినిపిస్తున్నాయి, రోడ్డు మీదే ఉంది. చెప్పకుండా ఉందామనుకున్నాను, ఉండలేకపోయాను.

"అమ్మా, మన బొమ్మ ఇంకోటి ఇక్కడుంది. ఇందులో ఎరుపు లేదు. అవి కాయలు కావంట, రాయి రంగంట."

హారన్ల మధ్య అమ్మ గొంతు పెంచింది.

"అయితే ఖాళీగా ఉందా?"

"ఖాళీయే."

"ఎంతుంటుందే?"

"మా స్కూలు గ్రౌండంత."

"అంత చోటూ ఊరికే ఎండకి వదిలేశారా!"

అవతల ఎవరో అరిచారు: "ఏయ్, ఆ కాయల పరదా లాగండి, బండి పోవాలి!"

"ఉండవే, మళ్ళీ చేస్తా" అంది అమ్మ. ఫోన్ కట్ చేయడం మర్చిపోయింది. ఎండిన కాయలు గలగలమంటూ పక్కకు జరుగుతున్నాయి. ఆ చప్పుడు ఆగేదాకా చెవి దగ్గర్నుంచి ఫోన్ తీయలేదు.