ప్లాస్టిక్‌లో దాచిన కాగితం

కోర్టు కౌంటర్ వెనక కూర్చున్న ఒమానీ గుమస్తా ప్లాస్టిక్ తొడిగిన ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని కొంచెం వంచాడు. మూలను గోటితో గీరి చూశాడు. తిరిగి మా వైపు తోసేశాడు.

"యే నహీ చలేగా," అన్నాడు హిందీలో.

కోర్టు ముద్ర అసలు కాగితం మీదే పడాలట. ప్లాస్టిక్ మీద ముద్ర నిలవదు. లోపలున్న సంతకం అసలుదో జిరాక్సో తేల్చడం కూడా కుదరదు. అతను విసుక్కోలేదు, వివరంగానే చెప్పాడు. నా పక్కనున్న మేస్త్రీ నా మొహం వైపు చూశాడు. ఎనిమిదేళ్ల కిందట దాన్ని లామినేషన్ చేయించమన్నది నేనే. డబ్బులిచ్చింది కూడా నేనే.

మేస్త్రీది జగిత్యాల వైపు పల్లె. అల్ హైల్‌లో మా కంపెనీ క్యాంపులో ఉంటాడు. ఇరవై ఏళ్లు ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి వచ్చిన నేను అదే కంపెనీలో కాగితాలు చూస్తాను. అప్పట్లో అతని రూమ్‌లో ఉండే ఒకతను డ్యూటీ అయ్యాక టైల్స్ పనులు సొంతంగా ఒప్పుకునేవాడు. షినాస్ అనే ఊళ్లో ఒక దుకాణం నుంచి సామాను అరువు తెచ్చాడు. పూచీ సంతకం మేస్త్రీ పెట్టాడు. సామాను తెచ్చినవాడు సెలవు మీద ఇంటికి వెళ్లి మళ్లీ రాలేదు. దుకాణదారు కోర్టుకెళితే తీర్పు మేస్త్రీ మీద వచ్చింది.

"ఎందుకు పెట్టినవయ్యా సంతకం?" అని అప్పుడే అడిగాను.

"ఒక్క కుండల అన్నం తింటిమి సారూ. పెట్టనని ఎట్లంటం?"

పద్నాలుగు నెలలు జీతంలోంచి కట్టి తీర్చాడు. చివరి రోజున దుకాణదారు, బాకీ లేదని అరబీలో రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఆ కాగితాన్ని కోర్టులో అప్పజెబితేనే కేసు మూసేస్తారని మా ఇద్దరికీ తెలియదు. మాకు తెలిసిందల్లా దాచుకోవడం. క్యాంపుల్లో విలువైన కాగితం ఏది చేతికొచ్చినా మనవాళ్లు ముందు దానికి ప్లాస్టిక్ తొడిగిస్తారు. పాస్‌పోర్టు నకలు, టీకా చీటీ, దేవుడి పటం, అన్నీ పరుపు కింద ఒకే మందంతో ఉంటాయి. చెమట నుంచి, ఏసీ నీళ్ల నుంచి కాపాడే దారి అదొక్కటే.

ఊళ్లో మేస్త్రీ ఇంటి గోడలు లేచి రెండేళ్లయింది. ఇంకో మూడేళ్లకు మించి ఒళ్లు సహకరించదని, జీతం వస్తుండగానే స్లాబ్‌కు ఇక్కడి బ్యాంకులో లోన్ అడిగాడు. క్రెడిట్ రిపోర్టులో పాత తీర్పు అలాగే ఉందని వాళ్లు తిప్పి పంపారు. "మందికి ఇరవై ఏండ్లు స్లాబులు పోసిన. నా ఇంటికి రేకులేసుకోవాల్నా?" అన్నాడు. అందుకే ఒక రోజు జీతం వదులుకుని, రెండు గంటలకు పైగా ప్రయాణం చేసి షినాస్ కోర్టులో ఆ కౌంటర్ దగ్గరికి వచ్చాం.

అల్ హైల్‌కు తిరిగొచ్చి నేరుగా జిరాక్సు షాపుకు వెళ్లాం. షాపు నడిపేది కడప భాయ్. లామినేషన్ చేసింది ఆయనే.

"నేను చేసినాక మనిషన్నా పోవాల గానీ అది పోదు సార్," అన్నాడు గర్వంగా.

"పొగుడుకునుడు ఆపు భాయ్. పీకుతవా, లేదా?" అన్నాడు మేస్త్రీ.

భాయ్ ఇస్త్రీపెట్టె వేడిచేసి, పైన గుడ్డ వేసి అద్దాడు. మూల లేచింది. మెల్లగా లాగాడు. ప్లాస్టిక్ కాగితం పైపొరతో సహా వచ్చేసింది. దుకాణదారు సంతకం, ముద్ర ప్లాస్టిక్‌కు అంటుకున్నాయి. బల్ల మీద మిగిలింది బూజు పట్టినట్టున్న తెల్లటి ముక్క. భాయ్ డబ్బులు తీసుకోలేదు.

పది రోజులకు మళ్లీ సెలవు పెట్టి షినాస్ వెళ్లాం. ఆ దుకాణంలో ఇప్పుడు టైల్స్ లేవు, వలలూ తాళ్లూ అమ్ముతున్నారు. కౌంటర్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేస్తే తండ్రి వచ్చాడు. ముసలాయన, చేతికర్ర. మేస్త్రీని గుర్తుపట్టడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

"పద్నాలుగు సార్లు వచ్చావు," అన్నాడు హిందీలో. "డబ్బు బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవాడివి. ఒక్కసారి కూడా చాయ్ తాగలేదు. ఈసారి తాగితేనే కాగితం."

మేస్త్రీ కూర్చుని తాగాడు. తరవాత ఆయన తన కారులోనే మమ్మల్ని కోర్టుకు తీసుకెళ్లి, గుమస్తా ఎదుటే కొత్తగా రాసి సంతకం చేశాడు. ముద్ర పడింది. పనంతా అరగంట కూడా పట్టలేదు.

నెల దాటాక కొత్త క్రెడిట్ రిపోర్టు తీయించాం. చూపుడు వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివాను.

"పోయిందా సారూ?"

"పోలేదు. తీర్పు అట్లనే ఉంది. పక్కన, తీరిపోయిందని రాసిన్రు."

"అంటే పోనట్టే గద."

పత్రికలో మేం సవరణ వేసినా, తప్పు పడ్డ సంచిక పాత సంచికల బైండు ఫైలులో అలాగే ఉండేది. ఆ రిపోర్టునే బ్యాంకుకు పట్టుకెళ్లాం.

బ్యాంకు ఈసారి దరఖాస్తు తీసుకుంది. అడిగినదానికి సగం కన్నా కొంచెం ఎక్కువ ఇచ్చింది. ముందు రెండు గదులకు స్లాబ్ వస్తుంది, వంటింటికి రాదు, దానికి రేకులే.

ఊళ్లో స్లాబ్ పోసిన రోజున మేస్త్రీ ఇక్కడ కంపెనీ సైట్‌లో ఇసుక గుట్ట పక్కన నిలబడి, వీడియో కాల్‌లో ఊరి మేస్త్రీలను పొద్దున్నించీ తిడుతూనే ఉన్నాడు. కడ్డీ కింద సిమెంటు బిళ్లలు పెట్టలేదని, కాంక్రీటును కుదిపే వైబ్రేటర్ మూలలకు పోవడం లేదని. సాయంత్రానికి గొంతు పోయింది. చివరికి భార్యను పిలిపించి నెమ్మదిగా చెప్పాడు.

"వంటింటి రేకులకు వాలు జరంత ఎక్కువ పెట్టుమను. వాన నీళ్లు స్లాబ్ దిక్కు రావద్దు."