ఆ సాయంత్రం వంత ఎవరు పాడారు

లేని శబ్దాలు వినిపిస్తున్నాయని చెప్పే మనుషులతోనే నా ఉద్యోగం. జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రిలో చెవి పరీక్షలు చేస్తాను. ఒకరికి చెవిలో ఈల మోగుతుంది, ఒకరికి గంట కొట్టినట్టుంటుంది, ఇంకొకరిని వెనకనుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. అన్నిటికీ కారణాలుంటాయి. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు భయం లేదు, జాలి. ముందు చెవులు చూపించుకోండి అంటాను.

అలాంటిదాన్ని ఇది రాయడానికి కూర్చుని, రెండు ముక్కలు రాయడం, లేచి వంటింట్లోకి వెళ్లి ఊరికే గిన్నెలు సర్దడం, మళ్లీ వచ్చి కూర్చోవడం చేస్తున్నాను. కుదురు పోయింది. చెప్పేస్తే వస్తుందేమో చూడాలి.

నాకు పాట వినడం పిచ్చి. చలికాలం వస్తే చాలు, ఈ ఊళ్లో ఏదో ఒక మూల కచేరీ ఉంటుంది. బిష్టుపూర్‌లో సితార్ అన్నా, బెంగాలీవాళ్ల పాటల సాయంత్రమన్నా, పూజ పందిట్లో ఆర్కెస్ట్రా అన్నా గోవింద్‌పూర్ నుంచి ఆటో ఎక్కి వెళ్లిపోతాను. ఫోనులో పాట నాకు సగం పాటే. ఎదురుగా మనిషి గొంతు సవరించుకోవాలి, తబలా ఆయన సుత్తి తీసి శ్రుతి చేసుకోవాలి, అప్పుడు నా ఒళ్లు తేలికవుతుంది. పాడడం మాత్రం బొత్తిగా రాదు. స్కూల్లో ప్రార్థన పాడేటప్పుడు టీచరమ్మ నన్ను పెదాలు కదిపితే చాలంది. ఆవిడ మాట ఈనాటిదాకా నిలబెట్టాననే అనుకున్నాను.

మా నాన్న మాత్రం పాడేవాడు. మిల్లులో పనిచేసి చెవులు పాడుచేసుకున్నాడు, అయినా బర్మామైన్స్‌లో మా తెలుగువాళ్ల భజన బృందంలో వంత ఆయనదే. ముందు పాడేది సింహాచలం బాబాయి. వరసకే బాబాయి, నాన్నతో మిల్లులో పనిచేసిన మనిషి. బాబాయి చరణం పాడి ఆపుతాడు. ఆ చివరి సగాన్ని నాన్న అందుకుంటాడు. ఆ సందులో బాబాయి ఊపిరి తీసుకుంటాడు. ముందువాడు మరిచిపోతే తర్వాతి చరణం అందించేదీ వంతే.

నాన్నకు సరిగ్గా వినపడదు కాబట్టి బాబాయి పెదాలు చూసి అందుకునేవాడు. అందుకని ఆయన వంత ఎప్పుడూ ఒక పిసరు ఆలస్యంగా వచ్చేది. తాళం తప్పదు, కానీ తప్పిపోతుందేమోనని గుండె ఒక్కసారి ఆగుతుంది. సరిగ్గా అప్పుడు వస్తుంది. మా వీధిలో ఆ ఆలస్యం తెలియనివాళ్లు లేరు.

నాన్న పోయాక అమ్మ అందరి ఫోన్లూ వెతికించింది. గుళ్లో మైకు ఒక్కటే, అది బాబాయి ముందు ఉంటుంది. ఏ వీడియోలో చూసినా డోలక్ మోత, బాబాయి గొంతు. నాన్న నోరు కదులుతూ ఉంటుంది, గొంతు ఉండదు. అమ్మ ఆ వీడియోలు చెవికి ఆనించుకుని కూర్చునేది. చూడలేక నేను అవతలికి వెళ్లిపోయేదాన్ని.

బృందంలో ఒక పద్ధతి ఉంది. వంతగాడు పోతే సంవత్సరీకం అయ్యేదాకా ఆ చోట ఎవరూ కూర్చోరు. చాపమీద ఆయన తాళాలు పెట్టి ఉంచుతారు. ముందువాడు ఒక్కడే పాడుతూ, వంత వచ్చేచోట మాత్రం ఎప్పటిలా ఆగుతాడు. ఆ సందులో డోలక్ ఒక్కటే మోగుతుంది. వినడానికి చాలా కష్టంగా ఉంటుంది.

ఆ ఏడు రామనవమికి అమ్మను తీసుకుని వెళ్లాను. సీతారాముల పెళ్లి అయిపోయి, పానకం పంచి, సాయంత్రం భజన మొదలుపెట్టారు. పందిరి రేకులమీద ఎండ ఇంకా ఉంది. ముందు వరసలో అమ్మ, పక్కన నేను, నా పక్కన మా అన్నయ్య కూతురు పింకీ ఫోను పట్టుకుని.

బాబాయి నాకు తెలియని పాట ఒకటి ఎత్తుకున్నాడు. ఎప్పుడూ విన్న గుర్తు లేదు. మొదటి చరణం పాడి ఆగాడు. డోలక్ మోగింది. ఆ తర్వాత, ఒక పిసరు ఆలస్యంగా, వంత వచ్చింది.

నాన్న గొంతు. అదే గరగర, మాట చివర అదే ఊపు. చాప వైపునుంచి వచ్చింది. నాకు ముందు భయం వేయలేదు, ఒళ్లు మండింది. ఏడాది తిరక్కుండా ఆ చోట కూర్చున్నది ఎవడని మెడ సాచి చూశాను. చాపమీద తాళాలే ఉన్నాయి.

రెండో చరణానికీ వచ్చింది. మూడో దాని దగ్గర బాబాయి తడబడ్డాడు. నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. అప్పుడా గొంతే తర్వాతి చరణం అందించింది. బాబాయి పట్టుకుని పాట ముగించాడు. నీకూ వినపడుతోందా అని అడగడానికి అమ్మ వైపు తిరిగాను.

అమ్మ నన్నే చూస్తోంది. చుట్టుపక్కలవాళ్లూ నన్నే చూస్తున్నారు.

"ఏటే, ఇన్నాళ్లూ ఎక్కడ దాసుకున్నావు ఆ గొంతు?" అంది అమ్మ.

నేను పాడలేదన్నాను. పింకీ నవ్వి, "బువా, ఆప్ హీ తో గా రహీ థీ" అని, పాడింది నువ్వే కదత్తా అన్నట్టు వీడియో చూపించింది. మనమ్మాయే అయినా తెలుగులో అడిగితే హిందీలోనే చెబుతుంది. అందులో నా నోరు కదులుతోంది. వస్తున్న గొంతు ఆడగొంతే, నాన్నది కాదు. శ్రుతిలో ఉంది. ప్రతిసారీ ఒక పిసరు ఆలస్యంగా అందుకుంటోంది. మర్నాడు పొద్దుటికి నా గొంతు బొంగురుపోయింది.

కారణం వెతకడమే కదా నా పని, వెతికాను. మా డిపార్టుమెంటులో కొత్తగా చేరిన అమ్మాయితో నా చెవులు పరీక్ష చేయించుకున్నాను, బాగానే ఉన్నాయి. డాక్టరు గారేమో, నేను చిన్నప్పుడు విన్న పాట లోపల ఎక్కడో ఉండిపోయి, దిగులులో బయటపడి ఉంటుందన్నారు. ఒప్పుకున్నాను. ఒప్పుకుని రెండు రోజులు సుఖంగా ఉన్నాను కూడా.

ఆ తర్వాత బాబాయి ఇంటికి వచ్చాడు. టీ తాగుతూ అన్నాడు, "నువ్వు అందించకపోతే ఆయేళ నా పరువు పోయేదమ్మా. నాకు పాట ముందుకి రాలేదు. మరి నీకెవరు నేర్పినారు అది?"

అది ఎప్పటి పాట అని అడిగాను.

"ఎప్పటిదేటి, నేనే కట్టినాను. మీ నాన్న ఆసుపత్రిలో ఉండగా మజ్జానాలు పక్కన కూకుని ఇనిపించినాను. ఆయనకి మాట లేదు గదా, పెదాలు కదిపీవోడు. ఇంకెవులికీ పాడలేదు. రామనవమికే పైకి తీసినాను."

బాబాయికి రాత రాదు, పాటలన్నీ నోటికే. నాన్న ఉన్నది వేరే ఆసుపత్రి, ఆ మధ్యాహ్నాలు నేను డ్యూటీలో ఉండేదాన్ని. అమ్మ ఇంట్లో వంట చేసి సాయంత్రానికి తెచ్చేది. ఇంక నాకు ఆ చరణం చేర్చగల మనిషి ఎవరూ మిగల్లేదు. టీ చల్లారిపోయింది, తాగలేకపోయాను.

మా పరీక్ష గదిలోకి బయటి చప్పుడు రాదు. ఒకరోజు తలుపు వేసుకుని అందులో కూర్చుని పాడి చూశాను. ఆ పాట రాలేదు. ఏ పాటా రాలేదు. టీచరమ్మ చెప్పిన గొంతే వచ్చింది.

అమ్మకు ఇవేవీ అక్కరలేదు. "ఇంకోపాలి పాడవే" అంటుంది. అన్నం పెడుతున్నప్పుడు, జడ వేసుకుంటున్నప్పుడు. పెద్దగా ఏడవదు, పట్టుపట్టదు. అలా అడుగుతుంది అంతే. నేను విన్న నాన్న గొంతు ఆమె వినలేదు, ఆమెకు నా గొంతే వినపడింది. అయినా ఆ ఆలస్యం దొరికింది కదా, అది చాలు ఆమెకు. నాకు చెప్పలేనంత బాధగా ఉంటుంది, రాని పాట ఎక్కడినుంచి తెచ్చి పెట్టను?

నాకు కచేరీలు పోయాయి. వెళ్తాను, కానీ వినలేను. పాడేవాళ్లు ఎక్కడ ఆగినా నా నోరు మూసే ఉందా అని చూసుకుంటాను. కాళ్లు ఊపుతాను, ముందువాళ్లు వెనక్కి తిరిగి విసుక్కుంటారు. ఆ రోజు నేను విన్నదేమిటో, అందరూ విన్నదేమిటో, ఆ చరణం నాకెలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. దయ్యం అనడానికి నాకు నోరు రాదు. దిగులు అని సరిపెట్టుకోవడానికి మనసు రాదు.

మొన్న సాక్చీలో ఒకాయన పాడుతున్నారంటే వెళ్లాను. ఎన్నడూ లేనిది అమ్మ కూడా వస్తానంది. హాలంతా వేదిక వైపు చూస్తుంటే అమ్మ ఒక్కతే కుర్చీలో పక్కకు తిరిగి నన్ను చూస్తూ కూర్చుంది. గాయకుడు పల్లవి పాడి ఆగాడు. నేను గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

అమ్మ నా చెయ్యి మెల్లగా కిందికి దించి, తన రెండు చేతుల్లో పట్టుకుని, ఎదురుచూస్తూ కూర్చుంది.