ఒంటె బొమ్మ పుస్తకం కార్డు

నారాయణపేట గ్రంథాలయానికి బదిలీ మీద వెళ్లినప్పుడు ఆ ఊళ్లో నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. కిరాయి గదిలో ఒక్కణ్ణే వండుకుని తినేవాణ్ణి. వీధి పొడవునా మగ్గాల చప్పుడే తప్ప పలకరింపు లేదు. నాతో తీరిగ్గా మాట్లాడే మనిషి ఒక్కరే, ఉర్దూ బడిలో పంతులుగా చేసి దిగిపోయిన ఒక పెద్దాయన.

పుస్తకాలన్నీ బీరువాల్లో తాళం కింద ఉండేవి. ఆయనకు పేర్లు గుర్తుండవు. "గా ఒంటె బొమ్మ కితాబు తీయి బేటా," అనేవారు. అది హజ్ యాత్ర మీద రాసిన ఉర్దూ పుస్తకం. ఏటా బక్రీదుకు ముందు తీసుకెళ్లేవారు. "పోయే తాహతు లేదు. గీడ కూసోనే పోయొస్త." నేను వెతుకుతుంటే గంటసేపు కబుర్లు. కావాలనే నిదానంగా వెతికేవాణ్ణి.

తర్వాత పై ఆఫీసు నుంచి సొరుగుల పెట్టె వచ్చింది, ప్రతి పుస్తకానికీ ఒక కార్డు రాయమని. ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివినవాణ్ణి కనుక ఉర్దూ కార్డులూ నేనే రాశాను. పద్ధతి ప్రకారం పుస్తకం పేరు కింద పెట్టాలి. ఆయన కోసం ఆ ఒక్క కార్డునూ 'ఒంటె' అన్న మాట కింద పెట్టాను.

పెట్టె బాగా పనిచేసింది. అదే నా ఖర్మ. ఆయన తనే సొరుగు లాగి, కార్డు మీదున్న పుస్తకం నంబరు చీటీ మీద రాసి నా బల్ల మీద పెట్టేవారు. నా పనికి అడ్డం రాకూడదని మాట్లాడకుండా వెళ్లిపోయేవారు. చేజేతులా చేసుకున్నాను.

మరుసటి బక్రీదు దగ్గరపడుతుంటే ఒంటె కార్డు తీసి జేబులో వేసుకున్నాను. దొరక్కపోతే నన్నే అడుగుతారు కదా. ఆయన వచ్చి సొరుగులో కార్డులన్నీ రెండుసార్లు తిరగేశారు. నేను రిజిస్టరులో తల దూర్చి, పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. తలెత్తేసరికి ఆయన గుమ్మం దాటుతున్నారు. సిగ్గుతో వెనక్కి పిలవలేకపోయాను.

వారమైనా రాలేదు. పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. పక్కింటి అవ్వ చెప్పింది.

"బిడ్డ ఇంటికి షాద్‌నగర్ పోయిండు. ఇగ ఆడనే ఉంటడట. కితాబు దొరకలేదా అని అడిగిన. పెట్టెల కాయితం లేదంటే కితాబు లేనట్టే, గా పిల్లగాడు తప్పు రాయడు అన్నడు. కితాబు పోయిందని గట్టిగ అడిగితే నీ కొలువుకు ముప్పొస్తదని ఊకున్నడట."

తిరిగొచ్చి కార్డును 'ఒంటె' కింద దాని జాగాలో పెట్టాను. ఆ మాట కింద వెతికే మనిషి ఆ ఊళ్లో ఇక లేరు.