పదకొండు పాయింట్ రెండు

నేను పాఠం చెప్పే డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఏ ద్రావణాన్ని ఎప్పుడు, ఎలా కలిపానో పుస్తకంలో రాసి పెట్టుకోవడం నా అలవాటు. మొదటి సంవత్సరం విద్యార్థుల ప్రాక్టికల్ పరీక్ష నాటి ఉదయం సోడియం హైడ్రాక్సైడ్ బిళ్ళలు చెమ్మగిల్లి ఉన్నాయి. ద్రావణం పలచబడింది. ఆమ్లాన్ని తటస్థం చేయడానికి ఎప్పటిలా పది మిల్లీలీటర్లు చాలవని, పదకొండుకు పైగా పడుతుందని స్వయంగా చేసి చూసి రాసుకున్నాను.

ఇరవై మందిలో పంతొమ్మిది మంది పది అనే రాశారు. సీనియర్ల రికార్డుల్లో ఏటా కనిపించే అంకె అది. దర్శి వైపు నుంచి వచ్చిన మిరప రైతు కూతురు ఒక్కతే పదకొండు పాయింట్ రెండు అని రాసింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ అంకె చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు.

“అందరికీ పది వస్తే నీకొక్కదానికే ఇదెట్లా వచ్చిందమ్మా? బ్యూరెట్ గొట్టం మీద కొలత చూడ్డం రాదా?”

“మూడుసార్లు చేశానండి. మూడుసార్లూ అంతే వచ్చింది.”

“పది అని దిద్దు. పాస్ చేస్తాను. లేదంటే ఫెయిలే.”

ఆ అమ్మాయి పెన్నుకు మూత పెట్టేసింది. “రానిది ఎట్లా రాయనండి?”

నాకు ఒళ్ళు మండింది. నా పుస్తకం తెచ్చి, ఆ ఉదయం రాసిన పేజీ ఆయన ముందు తెరిచాను. ఆయన రెండుసార్లు చదివారు.

“ముందే పిల్లలకి చెప్పొచ్చుగా మాస్టారూ?”

“చెబితే అందరూ పదకొండే రాసేవాళ్ళండి, బ్యూరెట్ వంక చూడకుండానే.”

ఆయన ఎర్ర సున్నా పక్కన పూర్తి మార్కులు వేసి సంతకం చేశారు. మిగిలిన పంతొమ్మిది మందినీ నేను మళ్ళీ బ్యూరెట్ల ముందు నిలబెట్టాను.