రెండో పాన్ కార్డు

నేను ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతాను. తెలుగు రాని హీరోయిన్లకు గొంతునిస్తాను. మా పనిలో నెల జీతం, సెలవు, పీఎఫ్ లాంటివి ఉండవు. జలుబు చేసిన వారం ఆదాయం సున్నా. ఒకసారి గొంతులో చిన్న కాయ లేచింది. మూడు నెలలు మాట్లాడొద్దన్నాడు డాక్టరు. దాచుకున్నదంతా ఆ మూడు నెలల్లో అయిపోయింది. సరిగ్గా అప్పుడే, అంతకుముందు నేను కట్టకుండా వదిలేసిన ఇన్‌కమ్ టాక్స్‌కి వడ్డీతో సహా నోటీసు వచ్చింది. వాయిదాల్లో కట్టి ఎలాగో బయటపడ్డాను. భయం మాత్రం పోలేదు.

ఆ భయంతోనే ఒకావిడను వాడుకున్నాను.

రహమత్ నగర్ నుంచి వచ్చేది. క్రౌడ్ డబ్బింగ్ చెప్పేది. తెర మీద పెళ్లివారో, బస్టాండులో జనమో, చావింట్లో ఏడ్చేవాళ్లో కనిపిస్తే ఆ గుంపు గొంతుల్లో ఆవిడదొకటి. భర్త పోయాడు. వితంతు పింఛను, రేషన్ బియ్యం, మా స్టూడియో నుంచి వారానికి రెండు మూడు పిలుపులు. అదే ఆధారం. నాకన్నా నాలుగేళ్లు పెద్దదైనా నన్ను అక్కా అనేది.

"నాకొచ్చే పేమెంట్లు కొన్ని నీ అకౌంట్లో వేయిస్తాను. వచ్చినవి వచ్చినట్టు నాకు పంపెయ్. నీకూ ఎంతో కొంత ఇస్తాలే" అన్నాను.

"ఏం గాదు కదక్కా?"

"ఏమవుతుంది? నేను లేనూ?"

మర్నాడే పాన్ కార్డు తెచ్చిచ్చింది. నా బిల్లులు సగం ఆవిడ పేరు మీద వెళ్లాయి. డబ్బు పడ్డ పది నిమిషాల్లో ఫోన్‌లో నాకు పంపేసేది. ఏనాడూ రూపాయి తేడా రాలేదు. ఎంతో కొంత అన్నదాన్ని నేను రెండు పాత చీరలతో సరిపెట్టాను. అలా పన్ను తప్పించి మిగుల్చుకున్న డబ్బుతో షేక్‌పేటలో ఫ్లాట్‌కి అడ్వాన్సు కట్టాను.

మూడేళ్లకు ఆవిడ పింఛను ఆగింది. అడగడానికి వెళితే "నీకు లక్షల్లో ఆదాయం ఉంది కదమ్మా" అన్నారట. తర్వాత టాక్స్ నోటీసు వచ్చింది. ఆపైన బ్యాంకువాళ్లు అకౌంట్ ఆపేశారు. ఆ కాగితం పట్టుకుని మధ్యాహ్నం భోజనాల వేళ స్టూడియోకి వచ్చింది.

"అక్కా, గిది నీ పైసలదే కదా. జర వాళ్లతోని మాట్లాడవా?"

పక్కన మమ్మల్ని పనికి పిలిచే కోఆర్డినేటర్, సౌండ్ ఇంజనీరు తింటున్నారు.

"నీ అకౌంట్లో పడ్డ డబ్బుకి నన్నడుగుతావేంటి? నాకేం సంబంధం?" అన్నాను.

నలుగురిలో ఉన్నాను కాబట్టి అలా అన్నాననుకుంది. సాయంత్రం దాకా బయట మెట్ల మీద కూర్చుంది. నేను ఒంటరిగా కారు దగ్గరికి రాగానే నవ్వుతూ లేచింది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది.

"ఇంకోసారి ఈ మాట ఎత్తావంటే నీకిక్కడ పని ఉండదు."

ఎత్తకముందే పని తీసేశాను. మర్నాడు కోఆర్డినేటర్‌తో "ఆవిడ గొంతు పాడైంది, ఇక పిలవకండి" అని చెప్పాను. గొంతు గురించి నేను చెబితే ఎవరూ కాదనరు.

రెండు నెలలకు ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు నుంచి నాకు పిలుపొచ్చింది. వెళ్లేసరికి ఆవిడ అక్కడే ఓ కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఆఫీసర్ ఆవిడ బ్యాంకు స్టేట్‌మెంట్ నా ముందు పెట్టాడు.

"పడ్డదంతా అదే రోజు మీకు వచ్చింది. ఏంటండీ ఇది?"

"అప్పిచ్చాను సార్. తీరుస్తోంది."

"ఎప్పుడిచ్చారు? కాగితం ఉందా?"

ఆయన ఆవిడ వైపు చూశాడు.

"అప్పేం లేదు సార్. అక్క చెప్పినట్టు చేసిన. నాకు అబద్ధం చెప్పనీకి రాదు" అంది. నా మీద కోపం కూడా లేదు ఆ గొంతులో.

పన్ను, వడ్డీ, జరిమానా అన్నీ నేనే కట్టాల్సి వచ్చింది. ఫ్లాట్ పోయింది. ఆవిడ అకౌంట్ తెరిచారు కానీ, పింఛను కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఇంకా రాలేదు.

మధురానగర్‌లో రెండిళ్లలో వంట చేస్తోందని తెలిసి, కవర్లో కొంత డబ్బు పెట్టుకుని వెళ్లాను. గేటు దగ్గరికి వచ్చింది. కవరు ముట్టుకోలేదు.

"పైసలొద్దక్కా. నా గొంతు మంచిగనే ఉందని స్టూడియోవాళ్లకు ఒక్క మాట చెప్పు. సాలు."

చెబుతానన్నాను.

ఎనిమిది నెలలైంది. కోఆర్డినేటర్ రోజూ కనిపిస్తాడు. చెబితే, ఎందుకు అబద్ధమాడానో కూడా చెప్పాలి. నా పిలుపులు కూడా అతని చేతిలోనే ఉన్నాయి.