ఎండుటాకు తీసిన చిలక

2022 సెప్టెంబరులో, రాపూరు అవతలి అడవిలో, నా చేతులతో నలభై చిలకల్ని వదిలాను. పెట్టెల తలుపులు తియ్యగానే అన్నీ ఒక్కసారిగా లేచాయి. వాటిలో ఒకటి మాత్రం వెంటనే వెళ్ళలేదు. నా తలమీదుగా మూడు చుట్లు తిరిగి, ఒక అరుపు అరిచి, అప్పుడు కొండల వైపు పోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు జూలో పనిచేసి, ఆ ఏడే రిటైరవుతున్నవాడికి ఇంతకంటే సన్మానం ఏముంటుందని ఈ మాట చాలామందికి చెప్పాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, బస్సులో పక్క సీటువాళ్ళకి చెప్పాను, గడ్డం గీయించుకుంటూ చెప్పాను. ఇందులో ఎంత నిజమో కాసేపాగి ఒప్పుకుంటాను. ముందు మా జూ సంగతి.

నెల్లూరు తీరంలో, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న చిన్న జూ మాది. ఒక చిరుత, రెండు ఎలుగుబంట్లు, జింకలు, మొసళ్ళ మడుగు, ఒక ఈము, ఆపైన పక్షులు. ఉప్పుగాలికి ఇనుప వలలు ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టేవి. చేతికి రంగు అంటని రోజు నాకు తక్కువ. నేను పక్షుల సెక్షన్లో యానిమల్ కీపర్ని. అంటే మేత పెట్టడం, గూళ్ళు కడగడం, ఏ పక్షి మందకొడిగా ఉందో చూసి డాక్టరమ్మకి చెప్పడం. పక్షులు ఎగరడానికి చోటుండేలా కట్టిన పెద్ద వల గదిని ఏవియరీ అంటాం. నా ఉద్యోగమంతా దాని లోపలే గడిచింది.

వల లోపల ఉండి పనిచేసేవాడికి బయటి జనం బాగా కనబడతారు. చిరుత పడుకుని ఉంటే లేపడానికి రాయి వేసేవాళ్ళు, కోతికి గుట్కా పొట్లం అందించేవాళ్ళు, మొసలి నిజమైనదా సిమెంటు బొమ్మా అని పందెం కాసేవాళ్ళు. ఫిర్యాదుల పుస్తకంలో ఒకాయన "చిరుత నిద్రపోతున్నది. ఇది మోసం" అని రాసి, సంతకం కింద తన హోదా కూడా రాసి వెళ్ళాడు. మంచివాళ్ళూ వచ్చేవారు. అల్లూరు వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసే ఆడవాళ్ళు ఏడాదికి ఒకసారి ట్రాలీ ఆటోలో వచ్చేవారు. ఏ గూడు దగ్గరా గట్టిగా మాట్లాడేవారు కాదు. అన్నాలు తిన్న విస్తళ్ళు తామే మూటగట్టుకుని పోయేవారు. కృష్ణపట్నం నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చే కుటుంబాలకి మా ఈము ఆస్ట్రేలియా నుంచి ఓడెక్కి వాళ్ళ పోర్టులోనే దిగిందని చెప్పేవాణ్ణి. వాళ్ళు మహా సంతోషించేవాళ్ళు. నిజానికి అది మూతపడిన ఒక ఈము ఫారం నుంచి, మెడ బయటపెట్టుకుని, ఆటోలో వచ్చింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో అటవీ శాఖవాళ్ళు మాకు చిలకల్ని అప్పగించారు. చిలకని పంజరంలో పెంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఇళ్ళల్లోనూ, జోస్యం చెప్పేవాళ్ళ దగ్గరా పట్టుకున్నవి మా దగ్గరికి వస్తాయి. అలా వచ్చినవి పన్నెండు. నలభై కాదు. మొదటి కోత ఇక్కడే కోసుకుంటున్నాను.

కొత్తగా వచ్చిన పక్షికి ఏ జబ్బుందో తెలియదు గనుక కొన్ని వారాలు విడిగా ఉంచుతాం. దాన్ని క్వారంటైన్ అంటారు. అది అయ్యాక ఏవియరీలోకి మార్చాం. ఒక్కటీ సరిగా ఎగరలేదు. రెక్క చివర ఉండే పొడుగాటి ఈకలు, మేము ఫ్లైట్ ఫెదర్స్ అనేవి, అన్నిటికీ కత్తిరించి ఉన్నాయి. కత్తిరించిన ఈక పెరగదు. అది తనంతట రాలిపోయి, దాని చోట కొత్తది రావాలి. అందుకు నెలలు పడుతుంది.

అవి ఏవియరీలోకి వచ్చిన వారానికి, ఒక మంగళవారం, ఎదురుగా ఉన్న సిమెంటు బెంచీ మీద ఒకాయన వచ్చి కూర్చున్నాడు. నా వయసువాడే. తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండు గంటలైనా కదల్లేదు. పక్షుల దొంగేమోనని నాకు అనుమానం వచ్చింది.

"ఏం పెద్దాయనా, పొద్దున్నించీ ఈడే కూర్చోనుండావు. చిరుత ఆ పక్కనుంది" అన్నాను.

"చిరుతతో నాకేం పనన్నా. నాది ఈడుంది."

"నీదా? ఏది?"

"కుడికాలికి ఒక గోరు లేదు చూడు, అది. చిట్టి."

గొంతు విని ఏ చిలక ఏదో చెప్పగలనని నేను సందర్శకుల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. వారం రోజులుగా చూస్తున్నా ఆ గోరు సంగతి నాకు తెలియదు. వెనక్కి తిరిగి చూశాను. ఒక చిలక అప్పటికే కింద నేలమీద నడుచుకుంటూ వల దగ్గరికి వస్తోంది. అతను జేబులోంచి ఒక వడ్లగింజ తీశాడు.

"బోర్డు చూడలా? మేత పెట్టకూడదు" అన్నాను. ఆ బోర్డు రాసింది నేనే.

"నాకు చదువు రాదన్నా."

"మరి జోస్యం చీటీలు ఎట్ట చదివేవాడివి?"

"అవి చదివేవి కాదు, చెప్పేవి."

నాకు నవ్వొచ్చింది. నీళ్ళ పైపు సరిచేసే మిషతో అటు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి గింజ లేదు.

అతని పేరు పెంచలయ్య. చిల్లకూరు దగ్గర హైవే పక్కన ముప్పై ఏళ్ళు లారీ డ్రైవర్లకి జోస్యం చెప్పాడు. చిట్టి అతని చివరి చిలక, ఏడేళ్ళు సాకాడు. మంగళవారం ఎవరూ జోస్యం అడగరు గనుక అది అతనికి ఎప్పుడూ సెలవే. చిలక పోయాక అన్ని రోజులూ సెలవే అయినా, జూకి మాత్రం మంగళవారమే వచ్చేవాడు.

"ఇంట్లో ఎవరుండారు?" అని ఒకరోజు అడిగాను.

"చిట్టి ఉండేది" అన్నాడు.

నా భార్య పోయి అప్పటికి మూడేళ్ళు. నా క్యారేజీ నేనే కట్టుకుని వచ్చి గూళ్ళ వెనక నిలబడి తినేవాణ్ణి. ఆ మంగళవారాల్లో బెంచీ మీద కూర్చుని తినడం మొదలుపెట్టాను. సగం అతనికి పెట్టేవాణ్ణి. "ఉప్పు ఎక్కువేసినావు" అనేవాడు, అయినా తినేవాడు. ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. నాకొక జోస్యం చెప్పమంటే, "చిలక తియ్యకుండా చెప్తే అది జోస్యం కాదన్నా, సలహా. సలహాలు నీకు ఎక్కవు" అన్నాడు.

వానలు మొదలయ్యేసరికి చిలకలకి కొత్త ఈకలు వచ్చాయి. చిట్టి కూడా ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకి ఎగిరింది. సెప్టెంబరులో అన్నిటినీ అడవిలో వదులుతామని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట పెంచలయ్యకి చెప్పాను. అతను చాలాసేపు తువ్వాలు మడతలు విప్పి, మళ్ళీ పెట్టాడు.

"నాకొక సాయం చెయ్యన్నా. నువ్వు కూడా పోతావు కదా. అది ఎట్ట పోయిందో చూసి నాకు చెప్పు. దాని రెక్కలు ఈ చేత్తోనే కత్తిరించినా, ఏడేళ్ళు. అది ఎగిరిందని ఒక్క మాట వింటే చాలు, నాకు నిద్రపడతది."

చెబుతానన్నాను.

ఇక ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. తెల్లవారుతుండగా పన్నెండు పెట్టెలు వరసగా పెట్టి తలుపులు తీశాం. పదకొండు ఎగిరాయి. నా తలమీద ఏదీ ఏ చుట్టూ తిరగలేదు. అవి నా వైపు చూడను కూడా లేదు. పన్నెండో పెట్టెలోంచి చిట్టి నడిచి బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. నేలమీది ఎండుటాకుల్ని ముక్కుతో పక్కకి నెట్టింది. ఒక ఆకు తీసి, తెచ్చి, డాక్టరమ్మ బూటు ముందు పెట్టింది. తరువాత తనంతట తానే పెట్టెలోకి వెళ్ళి, ఇటు తిరిగి, గింజ కోసం నిలబడింది.

జీపు డ్రైవరు నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. "తలుపు వెయ్యి" అంది నాతో. అడవిలో బతకలేని పక్షిని నాన్ రిలీజబుల్ అని రాసి వెనక్కి తెస్తాం. బయటికి వెళ్ళి వచ్చింది గనుక మళ్ళీ క్వారంటైన్ గదిలో పెట్టాలి. అది ఆసుపత్రి వెనక ఉంటుంది, సందర్శకులకి కనబడదు.

మంగళవారం పెంచలయ్య వచ్చాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

"ఎగిరిందా?" అన్నాడు, ఇంకా కూర్చోకుండానే.

నిజం నా నాలుక మీదే ఉంది. ఆ చొక్కా చూశాను. "ఎగిరింది" అన్నాను. నాకు ఒక్క అబద్ధంతో ఆగే అలవాటు లేదు. "నా తలమీద మూడు చుట్లు తిరిగి మరీ పోయింది" అని కలిపాను.

"అట్టనా" అన్నాడు. "మంచిది." కాసేపు ఖాళీ ఏవియరీ వైపు చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయాడు.

తరువాతి మంగళవారం రాలేదు. ఆ తరువాతదీ రాలేదు. చిలక ఎగిరిపోయిందని చెప్పినవాణ్ణి నేనే. ఇక జూలో అతనికేం పని? ఇంత చిన్న సంగతి నాకు ముందు తట్టలేదు. అతనికి నిద్రపట్టే మాట ఒకటి ఇచ్చి, అతని మంగళవారాలన్నీ పట్టుకుపోయాను.

క్వారంటైన్ ముగిసి చిట్టి ఏవియరీలోకి తిరిగి వచ్చింది. అక్కణ్ణుంచి నాకు చూడ్డం కష్టమైంది. మంగళవారం వచ్చిందంటే కొమ్మ దిగి, ఆ బెంచీకి ఎదురుగా వల దగ్గర నిలబడి, గేటు వైపే చూసేది. నేను గింజ పెట్టినా ముట్టేది కాదు. సాయంత్రం గంట కొట్టి జనాన్ని బయటికి పంపేదాకా అలాగే ఉండేది. బెంచీ మీద ఎవరో కాలేజీ పిల్లలు కూర్చుని ఫోటోలు దిగేవారు. నేను మళ్ళీ గూళ్ళ వెనక నిలబడి తినడం మొదలుపెట్టాను.

నవంబరులో ఒక సోమవారం, జూ సెలవు రోజు, చిల్లకూరు బస్సెక్కాను. హైవే పక్కన పెంచలయ్య కనబడ్డాడు. గోనెపట్టా మీద జామకాయలు. ఒకటి కోసి ఉప్పూకారం చల్లుతున్నాడు.

"ఏందన్నా, ఇంత దూరం వచ్చినావు? జామకాయల కోసమా?"

"చిట్టి ఎగరలా" అన్నాను. దారి పొడుగునా వేరేగా చెబుదామనుకున్నాను, ఇలా వచ్చింది. "నీతో అబద్ధం చెప్పినా. అది మా దగ్గరే ఉంది."

కత్తి ఆగింది. "మరి ఏం చేసింది?"

"నడిచి బయటికొచ్చింది. ఒక ఎండుటాకు తీసి డాక్టరమ్మ ముందర పెట్టి, మళ్ళా పెట్టెలోకి పోయింది."

ఒక లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. దుమ్ము తగ్గాక అడిగాడు.

"దొరికింది తీసిందా, ఏరి తీసిందా?"

"నాలుగు పక్కకి నెట్టి అయిదోది తీసింది."

"ఇది నిజమా, మూడు చుట్ల లాంటిదా?"

"నిజం. డాక్టరమ్మని అడుగు."

"నాలుగు నెట్టమని నేర్పింది నేనే" అన్నాడు. "మొదటి చీటీనే తీస్తే జనం నమ్మరు." కత్తి తువ్వాలుకి తుడిచాడు. తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు. "ఎగరడం దానికి గుర్తులేకుండా చేసినాను చూడు. రెక్కలొచ్చినా పనికిరాలా."

"దాని పని బాగానే ఉంది. తింటది, కొమ్మలెక్కతది."

"నాకు ఓదార్పు చెప్పబాకన్నా. ఒకసారి చెప్పినావు, చాలు."

కోసిన జామకాయ నా చేతిలో పెట్టాడు. ఇద్దరం రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాం. బస్సు వచ్చేదాకా అతను రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. మరునాడు నేను ఏవియరీ కడుగుతుంటే బెంచీ మీద తువ్వాలు కనబడింది.

నేను రిటైరైపోయాను. ఇప్పటికీ మంగళవారాలు టికెట్టు తీసుకుని లోపలికి వెళతాను. కొత్త కీపరు మమ్మల్నిద్దర్నీ చూసి, గింజ సంగతి తెలిసే, నీళ్ళ పైపు వైపు తిరుగుతాడు.

ఈ పనిలోకి వచ్చే కుర్రవాళ్ళు నన్ను ఏమైనా చెప్పమంటే ఈ ఒక్క కేసు చెబుతాను. మన దగ్గరికి వచ్చి వల ముందు నిలబడ్డ మనిషి ఏదైనా అడిగితే, చూసింది చెప్పాలి. అందంగా ఉన్నది చెప్పకూడదు. చిరుత నిద్రపోతుంటే నిద్రపోతోందనే చెప్పాలి. ఈము విషయంలో మాత్రం నాకు కొంత మినహాయింపు కావాలి.

ఇది అచ్చుకి పంపేముందు బెంచీ మీద కూర్చుని పెంచలయ్యకి చదివి వినిపించాను. అతను జామకాయ నములుతూ మొత్తం విన్నాడు. అయిపోయాక ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు చూశాడు. ఎలా ఉందని అడిగాను.

"చిట్టి నా కోసం గేటు వైపు చూసేదని రాసినావే, అది తీసెయ్. చిలక గింజ ఉండే చేతి వైపు చూస్తది. అది ఎవురి చెయ్యైనా దానికి ఒకటే. ముప్పై ఏళ్ళు చిలకల్ని సాకినోణ్ణి, నాకు చెప్పబాకు. గేటు వైపు చూసింది నువ్వు."