చివరి మనిషి వచ్చేదాకా

న్యూజిలాండ్‌లోని లోవర్ హట్ ఊళ్ళో పొద్దున్నే ఏటిగట్టు మీద టకటక చప్పుడు వినిపిస్తే హైకే వస్తోందని చుట్టుపక్కల అందరికీ తెలుసు. కాళ్ళకు చక్రాల స్కీలు, చేతుల్లో పొడుగాటి కర్రలు, వీపు మీద నెరిసిన జడ. ఒకప్పుడు జర్మనీ తరఫున మంచు మీద మైళ్ళకు మైళ్ళు స్కీయింగ్ పందేల్లో పోటీపడిన మనిషి. అక్కడ ఎండాకాలమైతే ఇక్కడి కొండల మీద మంచు కురుస్తుందని సాధనకు వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. పతకాల మాటెత్తితే, "ఒక్కటీ లేదు" అని నవ్వేస్తుంది. పతకం లేనివాళ్ళను చాంపియన్ అనరు, అనకపోతే మానె. ముగింపు గీత దాటగానే తోటివాళ్ళంతా మంచులో కుప్పకూలిపోతుంటే, తను మాత్రం కర్రలకు ఆనుకుని, ఆఖరి మనిషి వచ్చేదాకా నిలబడే ఉండేదట.

మొన్న ఆదివారం గట్టు మీద పరుగు పందెం జరిగింది. హైకే ఎప్పుడో ముగించింది. ఇంతలో వాన పట్టుకుంది. జనం కార్లెక్కేశారు, నిర్వాహకులు గుడారం విప్పేశారు. ముగింపు దగ్గర జెండా కర్రను మాత్రం ఆమె పీకనివ్వలేదు. చాలాసేపటికి ఆమె పక్కింటి సావిత్రి తడిసి ముద్దయి, కుంటుకుంటూ వచ్చింది.

"సారీ హైకే, నా వల్ల లేటయింది. మీరైనా వెళ్ళిపోవాల్సింది."

హైకే ఆమె భుజం మీదుగా దారి వంక చూసింది. "నీ వెనక ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు, నేనే లాస్ట్."

అప్పుడు హైకే తడి గడ్డి మీద కూలబడి, అరిగిపోయిన మోకాళ్ళు నిమురుకుంటూ కాళ్ళు బారజాపుకుంది.